కోనలో ముందు నడక

మొదటి రోజు పొద్దున గైడు మమ్మల్ని వరుసగా నిలబెట్టాడు. అందరికంటే ముందు తను, తన వెనకాల నేను, నా వెనకాల మిగతా అందరూ.

"పెద్దాయన నా వెనకాలే ఉండాల. ఆయన్ని దాటి ఎవురూ ముందుకు రాకూడదు. మూడు దినాలూ ఇదే వరుస," అన్నాడు.

మెడలో విజిలు, తల మీద టోపీ, వీపున పెద్ద సంచీ. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఈ వయసువాడికి ఇంత మర్యాద తెలియడం చూసి నాకు తృప్తిగా అనిపించింది. వెళ్ళి నా చోట నిలబడ్డాను.

మా ఇంట్లో నడక ఎప్పుడూ అట్లాగే ఉండేది. పాకాల దగ్గర మా ఊళ్ళో మా ఇంటిని దివాణం అనేవాళ్ళు. ఇప్పుడది కల్యాణ మంటపం. గేటు మీద రంగు బల్బులు వేలాడుతుంటాయి. బస్సు కండక్టర్లు మాత్రం ఇప్పటికీ "దివాణం, దివాణం" అని అరిచి మరీ ఆపుతారు. నేను ఆ స్టాపులో దిగి చాలా కాలమైంది. పక్క ఊళ్ళో పని పడినా ముందు స్టాపులోనే దిగి నడిచిపోతాను.

దివాణం మా చేతిలో ఉన్న రోజుల్లో ఏటా ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ శేషాచలం కొండల వెనక వైపు ఉన్న ఒక కోనకు నడిచిపోయేవాళ్ళం. రెండు ఎర్ర రాతి గోడల మధ్య ఇరుకు దారి. ఆ దారి చివర, నిప్పులు చెరిగే ఎండల్లోనూ ఎండని ఒక మడుగు. దాన్ని మేము తీర్థం అనేవాళ్ళం. నాయన ముందు నడిచేవాడు. ఆయన్ని దాటి ఎవరూ అడుగు వేసేవాళ్ళు కారు. చిన్నపిల్లలు పరిగెత్తబోతే అమ్మ చొక్కా పట్టి వెనక్కి లాగేది. మడుగు చేరాక కూడా ఎవరూ నీళ్ళు ముట్టుకోకూడదు. నాయన పంచె మార్చుకుని, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్కరినే పిలిచి రెండు చేతులా దోసిలి పట్టి తల మీద నీళ్ళు పోసేవాడు. ఆ తర్వాతే స్నానాలు. ఇంటికి పెద్దవాడు పోసేదాకా ఎవరి తలా తడవకూడదు. నాయన తల ఎవరూ తడిపేవాళ్ళు కారు. అందరిదీ అయిపోయాక ఆయన ఒక్కడే లోపలికి పోయి మునిగి వచ్చేవాడు.

నాయన పోయాక నేను పెద్దవాణ్ణి. కానీ ఆ ఏడే ఇల్లు చేతులు మారింది, తమ్ముడు చిత్తూరులో ఉద్యోగం చూసుకున్నాడు, కోనకు పోయేవాళ్ళు లేకపోయారు. పెద్దవాడిగా నేను ఒక్కరి తల మీద కూడా నీళ్ళు పోయలేదు.

నేను తిరుచానూరులో ఒక లాడ్జీకి మేనేజరుని. వచ్చే యాత్రికులకు గది తాళాలు ఇవ్వడం, పోయేవాళ్ళ దగ్గర తాళాలు తీసుకోవడం నా పని. పైఅంతస్తులో మెట్ల పక్కన గది నాకిచ్చారు. భార్య పోయింది. పిల్లలు లేరు. కౌంటరు వెనక కూర్చున్నా కుర్చీకి వీపు ఆనించను. నాయన ఏ కుర్చీకీ ఆనుకుని కూర్చోలేదు.

మొన్న వేసవిలో తమ్ముడి కూతురు బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. "పెదనాయనా, పాపకు సెలవులు. నేషనల్ పార్కులో మూడు దినాలు నడిపించే గైడు దొరికినాడు. కోనలన్నీ చూపిస్తాడంట. అమ్మా నాయనా వస్తా ఉండారు. నువ్వూ రా," అంది. నేను ఒకటే అడిగాను. "మన తీర్థం ఉండాదా దాంట్లో?" కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "ఉండాది. మూడోనాడు," అంది.

దానికోసమే వెళ్ళాను. నడక మీద నాకేమీ సరదా లేదు, నడవడానికి మోకాలు కూడా సహకరించదు. పెట్టెలో అడుగున ఉన్న జరీ అంచు పంచె తీసి, దులిపి, మడిచి సంచీలో పెట్టుకున్నాను.

కాబట్టి ఆ పొద్దున వరుసలో నా వెనక పాప, పాప వెనక దాని తల్లి, అంటే తమ్ముడి కూతురు, ఆ వెనక మరదలు, అందరికంటే చివర తమ్ముడు. అల్లుడికి సెలవు దొరకలేదు. అన్నకు ముందు చోటు, తమ్ముడికి కట్ట కడపటి చోటు. వాడి మీద కాస్త జాలి వేసింది.

దారి అంతా ఎండిన వాగు. వాన కాలంలో నీళ్ళు దొర్లించుకొచ్చిన గుండ్లు, ఒక్కోటి ఏనుగు పిల్లంత. రెండు పక్కలా రాయి పొరలు పొరలుగా, ఎవరో ఎర్ర దుప్పట్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంది. ఎండ ఆ రాతికి తగిలి మొహానికి కొడుతోంది. ఎర్రచందనం చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. గైడు ఒక గుండు మీద నుంచి ఇంకో గుండు మీదికి దాటి, వెనక్కి తిరిగి నాకు చేయి అందించేవాడు. నేను చేయి పట్టుకోలేదు. కర్ర ఊని దాటాను.

ముందు నడిచేవాడికి వెనకవాళ్ళ మాటలు వినిపిస్తాయి, మొహాలు కనిపించవు. మరదలు ఏదో అనేది, కూతురు నవ్వేది, పాప ఏమిటేమిటని అడిగేది. తిరిగి చూద్దామంటే కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. నాకు కనిపించేది గైడు వీపు మీది సంచీ ఒక్కటే. చిన్నప్పుడు ఈ కొండల్లోనే నాకు నాయన వీపు కనిపించేది. ఆ వీపు ఎంత నిటారుగా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. నడుస్తున్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉండేదో చెప్పలేను.

ఆయాసం వచ్చినప్పుడు నేను ఆగి, కర్రతో పైకి చూపించేవాణ్ణి. "అదో, తేనెపట్టు. ఎంత పెద్దదో చూడు." అందరూ ఆగి చూసేవాళ్ళు. నాలుగోసారో అయిదోసారో పాప అంది, "తాతా, ఇందాకా ఇదే చూపించినారు గదా."

"ఇది వేరేది," అన్నాను.

రాత్రి భోజనం అటవీశాఖ కాటేజీలో. సంగటి, వేరుశనక్కాయల చట్నీ. పాపకు సంగటి ఎట్లా మింగాలో తెలియక నములుతూ కూర్చుంది. దానికి తీర్థం సంగతి చెప్పాను. ఇంటి పెద్దవాడు దోసిలితో పోసేదాకా ఎవరూ తల తడుపుకోకూడదని చెప్పాను.

"ఇప్పుడు పెద్దవాడు ఎవరు తాతా?"

"నేనే."

"నాకూ పోస్తారా?"

"ముందు నీకే."

"టోపీ పెట్టుకోవచ్చా? మా స్విమ్మింగు మేడం టోపీ లేకపోతే నీళ్ళలోకి దిగనీదు."

"టోపీ పెట్టుకుంటే తల తడవదు గదమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వకుండా నా వైపే చూశాడు. "అన్నకు అవన్నీ ఇంకా గుర్తుండాయి," అన్నాడు భార్యతో. తర్వాత నాతో, "నీళ్ళు పోద్దువులే అన్నా. మంచిదే," అన్నాడు. వాడికీ గుర్తుందని నాకు అర్థమైంది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

రెండో రోజు కోన పైఅంచున నడిచాం. నీడ లేదు. కింద లోయ, అవతల ఇంకో గోడ, దాని అవతల ఇంకోటి. ఎక్కడా మనిషి అలికిడి లేదు. నేను మొదటి రోజు కంటే మెల్లగా నడిచాను, కానీ అప్పుడది నాకు తెలియలేదు. నేను ఆగితే వరుసంతా ఆగేది. నేను కదిలితే కదిలేది. ఒక చోట మరదలు, "ఇట్లయితే పొద్దుగూకేదాకా ఈడే ఉంటాం," అని గొణిగింది. గైడు వెనక్కి తిరిగి, "పెద్దాయన నడకే మన నడక అక్కా," అన్నాడు. ఆ మాట విని నా వీపు ఇంకాస్త నిటారుగా అయ్యుంటుంది. నీళ్ళు తాగమని, ఎండలో నిలబడొద్దని నేనే వాళ్ళకు చెబుతూ వచ్చాను.

సాయంత్రం కాటేజీ ముందు అరుగు మీద అందరం టీ తాగుతున్నాం. గైడుతో నాలుగు మంచి మాటలు చెప్పాలనిపించింది.

"ఏమబ్బా, మా ఇంటి సంగతి నీకు ఎవరు చెప్పినారు?" అన్నాను.

"యా ఇంటి సంగతి సార్?"

"దివాణం సంగతి. నన్ను ముందు నిలబెట్టినావు గదా. చెప్పేవాళ్ళు లేకపోతే నీకు ఎట్లా తెలుస్తాది?"

అతను గ్లాసు పట్టుకుని ఒకసారి నన్ను, ఒకసారి తమ్ముణ్ణి చూశాడు. "దివాణమేంది సార్, నాకు తెలీదే. మెల్లగా నడిచేవాళ్ళని మేము ముందు పెడతాం. వెనక పెట్టినామనుకోండి, మిగతావాళ్ళు బిరబిరా పోతారు, వీళ్ళు యాడో మిగిలిపోతారు. ముందుంటే అందరూ ఆ నడకకే వస్తారు. పోయిన తూరి ఒకామె కాలు బెణికింటే ఆమెనే ముందు పెట్టినా. బాగా నడిచేవాళ్ళు చివర. మీ తమ్ముడుగారి మాదిరి."

అతను నొప్పించాలని చెప్పలేదు. అడిగిన దానికి చెప్పాడు.

మరదలికి నవ్వు ఆగలేదు. "అబ్బ! రెండు దినాలుగా ఈయన్ని కడాన ఎందుకు నిలబెట్టినారబ్బా అని నేను కిందా మీదా పడతాండా. అయితే మా ఆయనకే ఫస్టు క్లాసు వచ్చినాదన్నమాట!"

"అమ్మా, ఊరుకో," అంది కూతురు.

"మరి తాతకు ఏం క్లాసు?" అంది పాప.

తమ్ముడు లేచి పోయి గ్లాసులు కడగసాగాడు, వాడి పని కాకపోయినా. నేను టీ పూర్తిగా తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, గదిలోకి పోయాను. తొందరగా లేచినట్టు కనిపించకూడదని మెల్లగా లేచాను. అప్పుడు తట్టింది, మెల్లగా లేవడం కూడా ఇప్పుడు వాళ్ళకు ఇంకో రకంగానే కనిపిస్తుందని.

మూడో రోజు పొద్దున గైడు విజిలు ఊదేసరికి నేను వెళ్ళి అందరికంటే చివర నిలబడ్డాను.

"పెద్దాయనా, ముందుకు రాండి."

"నేను చివర వస్తాను."

"అట్ల కాదు సార్—"

"దారి నాకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు. ఈ కోనకు దారి ఒకటే, తప్పిపోయేదానికి ఇంకోటి లేదు. నడవండి."

కూతురు వచ్చి చేయి పట్టుకుంది. "పెదనాయనా, నిన్నటిది మనసులో పెట్టుకోవద్దు. అమ్మ ఊరికే అన్నాది."

"ఏం మనసులో పెట్టుకున్నాను? నాకు మెల్లగా చూసుకుంటూ రావాలని ఉంది."

గైడు తన దగ్గరున్న ఇంకో విజిలు తీసి నా మెడలో వేశాడు. "అవసరమైతే ఊదండి సార్. నేను వచ్చేస్తా." చిన్నపిల్లలకు వేసినట్టు వేశాడు. తీసి జేబులో పెట్టుకున్నాను.

తమ్ముడు కదల్లేదు. వాళ్ళు నాలుగు అడుగులు ముందుకు పోయాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "అన్నా, నీళ్ళ కాడికి నువ్వు ముందు చేరాల గదా. పాప ఎదురు చూస్తా ఉండాది. నేనన్నా నీ కూడా వస్తా."

"నువ్వు పో. నాకు కాపలా వద్దు."

"అన్నా—"

"చెప్పింది విను."

వాడు నా మాట ఏనాడూ దాటలేదు. ఇల్లు అమ్మేటప్పుడూ దాటలేదు. ఇప్పుడూ తల వంచుకుని పోయాడు. ఇంటి పెద్దవాడిగా నాకు మిగిలిన ఒక్క అధికారాన్ని వాణ్ణి నా దగ్గర నుంచి పంపెయ్యడానికి వాడుకున్నాను.

కాసేపు వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. ఒక మలుపు తిరిగాక రంగు చొక్కాలు కనిపించలేదు. ఇంకో మలుపు తిరిగాక మాటలు కూడా ఆగిపోయాయి. గైడు చెప్పింది నిజమే. వాళ్ళు కావాలని తొందరపడలేదు. వాళ్ళ నడక వాళ్ళు నడిచారు, అంతే.

కోన లోపలికి పోయేకొద్దీ గోడలు దగ్గరవుతాయి. ఆకాశం ఒక పట్టీ అంత మిగులుతుంది. నా కర్ర చప్పుడు ఒక గోడకు కొట్టుకుని రెండో గోడ నుంచి వచ్చేది, పక్కన ఎవరో నడుస్తున్నట్టు. ఒక బెట్టుడుత, పిల్లి అంత ఉండే అడవి ఉడుత, కొమ్మ మీద తోక వేలాడేసుకుని కూర్చుని నన్ను చూసింది. చూపించడానికి ఎవరూ లేరు. ఆయాసం వచ్చి ఒక గుండు మీద కూర్చున్నాను. ఎవరూ లేని చోట కూడా వీపు వంచకుండా కూర్చున్నానని కాసేపటికి గమనించాను. ఆనుకోవడానికి వెనకే రాయి ఉంది. ఆనుకోలేదు.

దూరంగా విజిలు వినిపించింది. పొడుగ్గా ఒకసారి, మళ్ళీ ఒకసారి. నా కోసమే. జేబులో విజిలు తడిమి చూసుకున్నాను. ఊదలేదు. ఊదితే ఆగేవాళ్ళు. తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. అది తెలిసీ ఊదలేదు.

నీళ్ళ చప్పుడు కంటే ముందు పాప కేకలు వినిపించాయి. సంతోషంతో వేసే కేకలు. అక్కడే నాకు తెలిసిపోయింది. అయినా నిలబడి, సంచీ దించి, పంచె తీసి చేత్తో పట్టుకున్నాను. ఆ తర్వాతే చివరి మలుపు తిరిగాను.

పాప మడుగు నడుమ ఉంది, జుట్టంతా మొహానికి అంటుకుపోయింది. కూతురు మెడదాకా నీళ్ళలో ఉంది. మరదలు గట్టున జుట్టు పిండుకుంటోంది. గైడు రాయి మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. తమ్ముడు నా వైపే వస్తున్నాడు, చెవుల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చానాసేపు చూస్తిమి అన్నా," అన్నాడు. "పాప ఆగలేదు. దూకేసినాది. దాన్ని పట్టుకునేదానికి నేనూ..."

"మంచిదే. పిల్లలు ఆగుతారా," అన్నాను.

వాడు నా చేతిలో పంచె చూశాడు. జరీ అంచు చూడగానే గుర్తుపట్టాడు, అది నాయనది. నా ముందర తల వంచాడు. తడిసిన తల. నడినెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. అంత దగ్గరగా వాడి తల చూసి ఎన్నాళ్ళయిందో.

"నీళ్ళు పొయ్యన్నా," అన్నాడు.

నేను నీళ్ళ వైపు కదలాలి. రెండు అడుగులే. కానీ తడిసిన తలను తడపడమంటే అది నాకు చేస్తున్న దయ అవుతుందని తోచింది. "తడిసినాక ఇంకేముందిరా. ఇంకో తూరి చూద్దాం," అన్నాను.

వాడు ఇంకా కాసేపు అట్లాగే ఉండి, తల ఎత్తాడు.

అప్పుడే మరదలు గట్టు మీద నుంచి పిలిచింది. "బావా, వచ్చినారా! ఆకలైతా ఉండాది రాండి. చిత్రాన్నం తెచ్చినా. ఈడంతా రాళ్ళు వేడి వేడిగా ఉండాయి, కూచోను అయ్యేటట్టు లేదు. ఆ పంచె ఏమన్నా పరుస్తారా?"

ఆమెకు తెలియదు. తెలిసి అనే మనిషి కాదు. తమ్ముడు నోరు తెరవబోయాడు. వాడు మాట్లాడకముందే నేను పంచె మడత విప్పి, రాతి మీద పరిచి, అంచు కనబడేట్టు సరిచేశాను. అందరూ వచ్చి తడి బట్టలతో దాని మీద కూర్చుని తిన్నారు. నేనూ తిన్నాను. చిత్రాన్నం బాగుంది. ఆ మాట మరదలితో అన్నాను కూడా.

తిన్నాక పాప అడిగింది, "తాతా, మీరు నీళ్ళలోకి దిగరా?"

"దిగనమ్మా."

"మీ తల ఎవరు తడుపుతారు?"

"పెద్దవాడి తల ఎవరూ తడపరు."

"ఎందుకు?"

ఎందుకో నాకు తెలియదు. నాయనను ఎవరూ అడగలేదు. అందరి స్నానాలూ అయ్యాక ఆయన ఒక్కడే మడుగులోకి పోయి మునిగేటప్పుడు మేమంతా గట్టు మీద తలలు తుడుచుకుంటూ, తిండి మూటలు విప్పుకుంటూ ఉండేవాళ్ళం. ఆయన వైపు ఎవరూ చూసేవాళ్ళు కారు. "ఊరికే, అట్లా అలవాటు," అన్నాను.

పంచె తడిసి చిత్రాన్నం పసుపు అంటింది. మడిచి సంచీలో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణానికి గైడు విజిలు ఊదాడు. వరుస కట్టమన్నాడు కానీ ఈసారి నన్ను పిలవలేదు. నా వైపు చూడకుండా షూ లేసు కట్టుకుంటూ వంగి ఉన్నాడు. నేను ఎక్కడ నిలబడతానో చూస్తున్నారని తెలుసు. వెళ్ళి అతని వెనకాల నిలబడ్డాను. పాప వచ్చి నా వెనక నిలబడింది. మిగతావాళ్ళు తమ చోట్లలోకి వచ్చారు. చివర తమ్ముడి దగ్గు వినిపించింది.

నడిచాం. నా కర్ర చప్పుడు, దాని వెనక వాళ్ళ అడుగుల చప్పుడు. ఎవరూ దాటలేదు. గైడు చేయి అందించిన చోట పట్టుకున్నాను.

కోన దాటే చోట ఏటవాలు ఎక్కాలి. సగం ఎక్కేసరికి మోకాలు మొండికేసింది, ఊపిరి అందలేదు. ఆగాను. వరుస ఆగింది. అలవాటుగా కర్ర పైకి లేచింది. పైన రాతి గోడకు నిజంగానే ఒక తేనెపట్టు ఉంది.

కర్ర దించాను.

"కాసేపు ఆగుదాం. ఆయాసంగా ఉంది," అన్నాను, వెనక్కి తిరగకుండా.

"సరే అన్నా," అన్నాడు తమ్ముడు చివర నుంచి.